గండి ముందు ఎక్కడ పడుతుంది? సమాజాల దీర్ఘకాలిక భవిష్యత్తుపై సంక్లిష్టతా శాస్త్రం

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మరుసటేడు నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నదిని చూసి ఊరుకోలేదు. ఎగువన పరీవాహక ప్రాంతంలో ఎన్ని చెరువులున్నాయో, వాటిలో ఎన్ని తెగాయో లెక్క తీశారు. ఉన్నవి 788, తెగినవి 221. అంటే ఊరి మీద పడింది ఆకాశం నుంచి వచ్చిన నీరు మాత్రమే కాదు. పై చెరువుకు గండి పడితే ఆ నీరు కింది చెరువును తెంపింది, రెండింటి నీరూ కలిసి మూడోదాన్ని తెంపింది. గొలుసుకట్టు చెరువులు మంచి రోజుల్లో నీటిని ఎలా పంచుకుంటాయో, చెడ్డ రోజున ప్రమాదాన్నీ అదే దారిలో పంచుకున్నాయి.

ఆ వరద తర్వాత జరిగిన వరస ఇంకా ఆసక్తికరం. వరదను ఆపడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్ కట్టారు, అదే గండిపేట. 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. కట్టాక అవే నగరానికి తాగునీళ్లయ్యాయి. తాగునీళ్లయ్యాయి కాబట్టి వాటిని కాపాడాల్సి వచ్చింది. 1996లో 111 జీవో వచ్చి, రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, పరిశ్రమలకు అడ్డుకట్ట వేసింది. ఆ గీతకు ఇవతల కోకాపేటలో టవర్లు లేచాయి, అవతల మొయినాబాద్ వైపు తోటలు, ఫామ్‌హౌస్‌లు మిగిలాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించగానే అక్కడి భూముల గురించి మళ్లీ కొత్త లెక్కలు మొదలయ్యాయి. 1908 నాటి వాన నూట పద్నాలుగేళ్ల తర్వాత ఎకరం ధరలో తేలింది.

1908లో నిలబడి ఈ ధరను ఊహించగలిగేవారెవరూ లేరు. కానీ 1920లో నిలబడి ఒక మాట చెప్పవచ్చు: నగరానికి ఇంత దగ్గర జలాశయం కట్టి, ఆ నీళ్లే తాగడం మొదలుపెడితే, పైనున్న భూమిని ఎలా వాడుకోవాలన్నది తరతరాల తగాదా అవుతుంది. మొదటిది జోస్యం, రెండోది వ్యవస్థ నిర్మాణాన్ని చదవడం. సమాజాల దూర భవిష్యత్తుకు సంక్లిష్టతా శాస్త్రాన్ని వాడేవాళ్లు చేయవలసింది రెండో పని. మొదటిదానికి పూనుకున్న ప్రతిసారీ భంగపడ్డారు.

యంత్రానికీ బజారుకీ తేడా

కారు ఇంజన్‌లో వందల భాగాలుంటాయి, అయినా అది సంక్లిష్ట వ్యవస్థ కాదు, చిక్కైన యంత్రం మాత్రమే. పిస్టన్ పక్క పిస్టన్‌ను చూసి మనసు మార్చుకోదు. పంజాగుట్ట ట్రాఫిక్ అలా కాదు. ఫోన్‌లోని మ్యాప్ ఒక గల్లీ ఖాళీగా ఉందని చూపిస్తే, అదే మ్యాప్ చూసిన వందల మంది ఆ గల్లీలోకే దూరతారు, ఐదు నిమిషాల్లో గల్లీ జామ్ అవుతుంది. సమాచారమే పరిస్థితిని మార్చింది. భాగాలు ఒకదాన్ని చూసి ఒకటి స్పందించడం, ఆ స్పందన తిరిగి వాటి మీదే పని చేయడం, ఏ ఒక్కరూ కోరుకోని పెద్ద ఆకారం మొత్తంగా ఏర్పడటం: ఈ మూడూ ఉంటే అది సంక్లిష్ట వ్యవస్థ. వీటిని భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, అర్థశాస్త్రం గోడలు దాటి చదవడానికి 1984లో అమెరికాలోని న్యూమెక్సికోలో శాంటాఫే ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఈ రంగానికి ఒక చిరునామా దొరికింది అప్పుడే.

జోస్యానికి హద్దు ఎక్కడో అంతకు ముందే తేలింది. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్ మోడల్‌ను మధ్యలోంచి మళ్లీ నడుపుతూ 0.506127 బదులు 0.506 అని కొట్టాడు. కాసేపు రెండు ఫలితాలూ కలిసి నడిచాయి, ఆ తర్వాత ఒకదానికొకటి పోలికే లేకుండా పోయాయి. నేటికీ రోజువారీ వాతావరణ అంచనాకు రెండు వారాలు దాటితే పట్టు ఉండదు. సమాజానికి ఇంకో తంటా ఉంది. రేపు వాన పడుతుందని చెప్తే మబ్బు వినదు. ఫలానా బ్యాంకు మునుగుతుందని చెప్తే డిపాజిటర్లు వింటారు.

అయితే పదిహేనో రోజు వాన చెప్పలేని శాస్త్రమే జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలమని ధైర్యంగా చెప్తుంది. ఏది చెప్పవచ్చో ఏది చెప్పకూడదో విడదీయడంలోనే ఈ రంగంలో పనితనం కనిపిస్తుంది.

ఒక చెరువు, ఒక స్ప్రెడ్‌షీట్

పెద్ద మాటలకన్నా ఒక్క చెరువును లెక్కగట్టి చూస్తే విషయం తొందరగా బోధపడుతుంది. ఇది ఎవరైనా స్ప్రెడ్‌షీట్‌లో చేసుకోగల పని. చెరువు ఊహించుకున్నదే, కొలతలు మాత్రం నగర శివార్లలో చిన్న చెరువుకు సరిపోయేవి.

పరీవాహకం 5 చదరపు కిలోమీటర్లు. చెరువు నిండాక నీరు పొర్లిపోయే అలుగు పొడవు 20 మీటర్లు. అలుగు మట్టం నుంచి కట్ట పైభాగం దాకా 1.2 మీటర్ల ఎత్తు. చెరువు అప్పటికే ఎఫ్‌టీఎల్ దాకా, అంటే అలుగు మట్టం దాకా, నిండి ఉంది. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడుతోంది. చెరువు కొంత నీటిని ఆపుకుని వరద ఉధృతిని తగ్గిస్తుంది కానీ, తొలి లెక్కలో దాన్ని పక్కన పెట్టవచ్చు.

వచ్చే నీటికి ఇంజనీర్లు వాడే పాత సూత్రం ఉంది: 0.278ని రన్‌ఆఫ్ గుణకంతో, గంటకు మిల్లీమీటర్లలో వానతో, చదరపు కిలోమీటర్లలో విస్తీర్ణంతో గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. రన్‌ఆఫ్ గుణకమంటే పడిన వానలో ఇంకకుండా పారే వాటా. చేలు, చెలకలు ఉన్న నేలకు 0.3 అనుకుందాం, పూర్తిగా కాంక్రీటైతే 0.8 దాటుతుంది. అలుగు మీంచి పోయే నీటికి ఇంకో సూత్రం: 1.7ను అలుగు పొడవుతో, అలుగు మీద నీటి ఎత్తుకు 1.5 ఘాతంతో గుణించాలి.

గుణకం 0.3 ఉన్నప్పుడు సెకనుకు దాదాపు 21 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. అది పోవడానికి అలుగు మీద 72 సెంటీమీటర్ల ఎత్తు నిలిస్తే చాలు. కట్టకు ఇంకా 48 సెంటీమీటర్ల తెరపి ఉంది. ఊరు పెరిగి కాలనీలు వచ్చి గుణకం 0.6 అయింది. వచ్చే నీరు రెట్టింపై 42 దాకా చేరింది. అలుగు మీద ఎత్తు 1.15 మీటర్లు. ఇంకా ఐదు సెంటీమీటర్లు ఖాళీ! పరీవాహకం సగానికి సగం మారిపోయినా చెరువుకు ఏమీ కాలేదు. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కదా అనే మాట పుట్టేది ఇక్కడే. గుణకం 0.65కు వెళ్లగానే నీటి ఎత్తు 1.21 మీటర్లు. కట్ట మీంచి నీరు దొర్లుతుంది. మట్టికట్ట మీంచి నీరు దొర్లిందంటే కోత మొదలైనట్టే, కోత మొదలైతే గండే.

0.3 నుంచి 0.6 దాకా జరిగిన ముప్ఫై పాయింట్ల మార్పు ఏమీ చేయలేదు, తర్వాతి ఐదు పాయింట్లు కట్టను తెంపాయి. ఈ లెక్కలో కీలక గీత 0.64 దగ్గర ఉంది. టిప్పింగ్ పాయింట్ అని వేదికల మీద గంభీరంగా పలికే మాటకు అసలు అర్థం ఇదే. దానిలో మాయేమీ లేదు. ఒక సామర్థ్యానికి హద్దు ఉండటం, ఆ హద్దు దాటాక వేరే ప్రక్రియ మొదలవడం, అంతే.

ఇప్పుడు గుణకాన్ని 0.3 దగ్గరే ఉంచి, అలుగులో సగం మట్టితో పూడ్చి షెడ్డు వేశారనుకుందాం. అలుగు 10 మీటర్లే మిగిలింది. నీటి ఎత్తు మళ్లీ 1.15 మీటర్లు. అంటే ఐదు చదరపు కిలోమీటర్లలో సగానికి పైగా కాంక్రీటుతో కప్పడం ఎంతో, పది మీటర్ల అలుగును మూయడం అంతే. పేపర్లో వచ్చేది పెద్ద కాలనీ గురించే. షెడ్డు ఎవరి కంటా పడదు.

గొలుసులో తర్వాతి చెరువు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పై చెరువులో 3 లక్షల ఘనపు మీటర్ల నీరుంది, గండి పడి గంటలో ఖాళీ అయిందనుకుంటే సగటున సెకనుకు 83 ఘనపు మీటర్లు. కింది చెరువు కూడా నిండి ఉండి, దాని అలుగు పొడవూ కట్ట ఎత్తూ ఇంతే అయితే అది కట్ట అంచు దాకా మోయగలిగేది 45 లోపే. కింద చినుకు పడకపోయినా ఆ చెరువు తెగుతుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా వాన కురిసినప్పుడు పల్లెచెరువు, నాలుగు రోజుల తర్వాతి వానకు బాలాపూర్ గుర్రం చెరువు పాతబస్తీ కాలనీల మీదికి వచ్చాయి. అలాంటి రోజుల్లో నగరమంతటి సగటు వర్షపాతం ఎంతన్నది పెద్దగా పనికిరాని అంకె. ఏ చెరువు ఏ చెరువు మీద ఉందన్నదే ముఖ్యం.

ఈ స్ప్రెడ్‌షీట్‌ను నలభై చెరువులకు పెంచాలంటే ఒక్కో చెరువుకు ఒక్కో వరుస, పదిహేను నిమిషాలకు ఒక్కో నిలువు గడి పెట్టాలి. పైనుంచి వచ్చింది, పక్కనుంచి వచ్చింది, నిల్వ, అలుగు మీంచి పోయింది, కట్ట దాటిందా లేదా అన్నవి గడి గడికీ తేల్చుకుంటూ పోవాలి. లెక్క సులువే. చెడేది వివరాల దగ్గర. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల పటాల్లో కొన్ని మీటర్ల పొరపాటు ఉంటుంది, ఇక్కడ తేల్చాల్సిందేమో 5 సెంటీమీటర్ల తేడా. పాత టోపోషీట్‌లో నాలా వెళ్లిన దారిని కొత్త రోడ్డు మళ్లించి ఉంటుంది. కల్వర్టు డ్రాయింగ్‌లో రెండు మీటర్లు, వానాకాలంలో ప్లాస్టిక్ అడ్డుపడి మీటరు. పటంలోంచి చెరువు పోయినా పల్లం పోదు, నీరు పల్లమెరుగు. చెరిపేసిన చెరువులను కూడా మోడల్‌లో పెట్టకపోతే ఫలితం అందంగా వస్తుంది కానీ తప్పుగా వస్తుంది.

నెమ్మదిగా కదిలేవి, ఇరుక్కుపోయినవి, ఊడిపడేవి

చెరువు లెక్కలో పరీవాహకం ఏళ్ల తరబడి మారుతుంది, వాన గంటల్లో వస్తుంది. దూర భవిష్యత్తు అధ్యయనంలో మొదట చేయాల్సింది ఇలా వేగాలను బట్టి సరుకును వేరు చేయడం.

నెమ్మదిగా కదిలేవాటిలో జనాభా వయసుల తీరుది మొదటి స్థానం. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక మహిళకు సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. 2060లో అరవై దాటి ఉండబోయేవాళ్లంతా ఇప్పటికే పుట్టారు. వలసలు ఎటు తిరుగుతాయో చెప్పలేకపోయినా, ముసలితనం ఏ దశాబ్దంలో బరువవుతుందో చెప్పడానికి పెద్ద మోడల్ అక్కర్లేదు. ఇలాంటివాటి మీద చర్చ తక్కువ. రోజూ మారవు కాబట్టి వార్త కావు.

ఇరుక్కుపోయినవి వేరే రకం. ఒక ఎంపిక ముందుగా జరిగిపోయి, దాని చుట్టూ లాభాలు పేరుకుని, తర్వాత వెనక్కి రాలేకపోవడం. ఆర్థికవేత్త బ్రయన్ ఆర్థర్ 1980లలో దీన్ని గణితంగా చూపాడు: వాడేకొద్దీ లాభం పెరిగే సాంకేతికతలు రెండు పోటీ పడితే, మెరుగైనదే గెలవాలని లేదు, మొదట్లో చిన్న అదృష్టం దక్కినది గెలిచి పాతుకుపోవచ్చు. హైదరాబాద్‌లో దీనికి మందుల పరిశ్రమను మించిన ఉదాహరణ లేదు. 1961లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఏర్పడింది, దాని సింథటిక్ ఔషధాల కర్మాగారం హైదరాబాద్‌కు వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది, అంటే వేరే దారిలో అదే మందు చేసుకోవచ్చు. ఆ కర్మాగారంలో పని నేర్చిన రసాయనశాస్త్రజ్ఞులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. కంపెనీలుంటే నిపుణులు వస్తారు, నిపుణులుంటే కంపెనీలు వస్తాయి. మాతృసంస్థ మూతపడ్డా ఆ చక్రం ఆగలేదు. అదే చక్రం ఇంకోటి కూడా తెచ్చింది: పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి అంతకన్నా అనువైన మడి దొరకదు.

మూడో రకం ఊడిపడేవి. 1990లో కూర్చుని మాదాపూర్ బండరాళ్ల మధ్య 1998 నాటికి సైబర్ టవర్స్ లేస్తుందనీ, 2014లో రాష్ట్రం రెండవుతుందనీ, 2020లో కోవిడ్ వస్తుందనీ రాసిపెట్టగలిగేవారు లేరు. వీటికి తేదీలు ఇవ్వబోవడం టైం దండగ. ఇలాంటిది ఏదో ఒకటి వస్తుందనుకుని, వస్తే ఏ కట్ట ముందు తెగుతుందో చూసుకోవడమే పని.

నూరేళ్లకోసారి వచ్చే వరద అన్న మాటను కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. దాని అర్థం ఏ ఏడాదిలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఇరవై ఏళ్ల హోమ్‌లోన్ తీరేలోగా అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతం. ఇదీ వాన స్వభావం మారకపోతేనే.

నగరం రెట్టింపైతే

నగరాల పరిమాణానికి ఒక సూత్రం ఉందని 2007లో లూయీస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ బృందం చూపింది. జనాభా రెట్టింపైతే రోడ్లు, తీగల వంటి సదుపాయాలు దాదాపు 1.8 రెట్లే అవుతాయి, ఆదాయం, పేటెంట్ల వంటివి 2.2 రెట్లవుతాయి, నేరాలూ కొన్ని జబ్బులూ కూడా అదే దారి పడతాయి. ఘాతాంకాలు సుమారుగా 0.85, 1.15. ఈ సూత్రాన్ని చూసి హైదరాబాద్ కోటిన్నర దాటితే తలసరి ఆదాయం ఇంత అని లెక్కగట్టేవాళ్లు రెండు చోట్ల జారిపడతారు. ఒకటి, ఇది ఒకే ఏడాదిలో పెద్ద, చిన్న నగరాలను పక్కపక్కన పెట్టి తీసిన గీత. ఒకే నగరం కాలక్రమంలో ఆ గీత మీదే నడుస్తుందని హామీ లేదు. రెండు, నగరం అంటే ఎక్కడి దాకా? 2007లో పన్నెండు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు కార్పొరేషన్ విస్తీర్ణం ఒక్కసారిగా మూడు రెట్లు దాటింది. ఆ రోజు జనం కదల్లేదు, సరిహద్దు కదిలింది. 2011 జనగణనలో జీహెచ్‌ఎంసీలో 67 లక్షలు, పట్టణ సముదాయం మొత్తానికి 77 లక్షలు. ఏ అంకె పెడితే ఆ ఘాతాంకం వస్తుంది.

చరిత్రను డేటాగా మార్చేటప్పుడు

దూర భవిష్యత్తు గురించి మాట్లాడేవాళ్లకు దూర గతమే ప్రయోగశాల. ప్రపంచ చరిత్రను వరుసలు, గడులుగా మార్చే సెషాత్ డేటాబ్యాంకు 2011లో మొదలైంది. దాని ఆధారంగా 2019లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది: సమాజాలు పెద్దవయ్యాకే తప్పొప్పులను శిక్షించే దేవుళ్లు పుట్టారని, ముందు కాదని. 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. కారణం ప్రతి డేటా గుమాస్తా తెలుసుకోవాల్సింది. రాతలు లేని కాలాల్లో అలాంటి దేవుళ్లున్నారో లేదో తెలియదు. విశ్లేషణలో ఆ ఖాళీ గడులను లేరు అని లెక్కించారు. అలాంటి గడులు సగానికి పైగా ఉన్నాయి. లిపి వచ్చాకే సాక్ష్యం దొరుకుతుంది, పెద్ద సమాజాలకే లిపి ఉంటుంది, కాబట్టి ఫలితం ముందే నిర్ణయమైపోయింది. మన చెరువుల రిజిస్టర్లలోనూ ఇదే జబ్బు ఉంటుంది. వివరం లేదు అన్నచోట సున్నా వేస్తే ఆ చెరువుకు గండే పడలేదన్నట్టు కనిపిస్తుంది.

డేటా బాగున్న చోట మోడల్ పనిచేయడం చూడాలంటే అమెరికా నైరుతిలోని లాంగ్‌హౌస్ వ్యాలీ కథ మేలు. సుమారు 800 నుంచి 1350 దాకా అక్కడ బతికిన మొక్కజొన్న రైతులను, చెట్ల వలయాలనుంచి తీసిన వానల లెక్కతో, ఇంటికో ఏజెంట్‌గా, అంటే సొంతంగా నిర్ణయాలు తీసుకునే పాత్రగా, కంప్యూటర్‌లో నడిపారు. జనాభా పెరగడం, తగ్గడం తవ్వకాల్లో దొరికినదానితో చాలావరకు కలిసింది. ఒక్కచోట కలవలేదు. 1300 ప్రాంతంలో నిజమైన లోయ పూర్తిగా ఖాళీ అయింది, మోడల్ లోయలో మాత్రం కొందరు మిగిలారు. పంట కొందరికి సరిపోయేదే, అయినా అందరూ వెళ్లిపోయారు. అంటే కరువు ఒక్కటే కారణం కాదు. మోడల్ తప్పిన చోటే కొత్త సంగతి చెప్పింది. నూటికి నూరుపాళ్లు కలిసే మోడల్‌ను అనుమానించాలి, దానిలో తిప్పుకోవడానికి మరీ ఎక్కువ మీటలున్నట్టు.

చరిత్రను గణితంతో చదివే పీటర్ టర్చిన్ 2010లో నేచర్‌కు రాస్తూ, 2020 వరకూ అమెరికాలో, పశ్చిమ ఐరోపాలో రాజకీయ అస్థిరత పెరగవచ్చన్నాడు. జీతాలు కదలకపోవడం, పదవులకన్నా పదవులు ఆశించే చదువరులు ఎక్కువవడం, ప్రభుత్వ అప్పు పెరగడం అతను చూపిన సూచికలు. 2020లో అమెరికా వీధులు చూశాక అతని పేరు మార్మోగింది. సూచికలు ఆలోచించదగినవే. కానీ ఒక్క అంచనా నిజమవడం కాకతాళీయమా కాదా తేలాలంటే అలాంటివి పదులకొద్దీ ముందే రాసిపెట్టి, తప్పినవి కూడా లెక్కించాలి. మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ 284 మంది నిపుణుల అంచనాలను ఏళ్ల తరబడి అలాగే లెక్కించి 2005లో ప్రచురించాడు. దూరం పెరిగేకొద్దీ నిపుణులు కళ్లు మూసుకుని వేసిన పందేన్ని పెద్దగా మించలేదు.

1972లో క్లబ్ ఆఫ్ రోమ్ కోసం చేసిన వరల్డ్3 మోడల్‌కు వ్యతిరేక దిశలో అన్యాయం జరిగింది. జనాభా, ఆహారం, పరిశ్రమలు, కాలుష్యం, తరిగిపోయే వనరులను కలిపి 2100 దాకా పన్నెండు రకాలుగా నడిపారు. ఏ ఏడు ఏమవుతుందో చెప్పడం దాని ఉద్దేశం కాదు, ఏ అమరిక ఏ తీరుకు దారితీస్తుందో చూపడం. అందులో ఒక గీతను పట్టుకుని జోస్యం తప్పిందని నవ్వినవాళ్లు మిగతా పదకొండు చూడలేదు.

ముందస్తు సంకేతాలకు హద్దులు

వ్యవస్థ కీలక గీతకు దగ్గరయ్యేకొద్దీ చిన్న దెబ్బ నుంచి తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. 2009లో మార్టెన్ షెఫర్, సహచరులు దీన్ని కొలిచే పద్ధతులను ఒకచోట చేర్చారు. చేయడం సులువే: కాలక్రమ కొలతల నుంచి నెమ్మది ధోరణిని తీసేయాలి, మిగిలినదానిలో మొత్తం పొడవులో సగమంత కిటికీని జరుపుకుంటూ పోతూ, ఈ కొలతకు ముందు కొలతతో ఎంత పోలిక ఉందో, ఊగిసలాట ఎంత ఉందో చూడాలి. రెండూ పెరుగుతూ పోతే జాగ్రత్త పడాలి. చెరువు నీటి ఆక్సిజన్ వంటివాటిలో, రోజువారీ కొలతలు వందల్లో ఉంటే ఇది పనిచేస్తుంది. ఏడాదికొక్కటి చొప్పున ముప్ఫై అంకెలున్న సామాజిక సూచికల మీద ప్రయోగిస్తే వచ్చేది చాలావరకు భ్రమ. మధ్యలో కొలిచే పరికరం మార్చినా, సర్వే ప్రశ్న మార్చినా ఊగిసలాట పెరిగినట్టే కనిపిస్తుంది. మన అలుగు చెరువు లాంటి చోట అసలు సంకేతమే రాదు. 0.6 దగ్గర చెరువు ప్రతి వాన తర్వాతా మామూలుగానే ఉంటుంది.

తెలియనిదాన్ని తెలియనట్టే పెట్టుకుని

జోస్యం మానేశాక నిర్ణయం ఎలా తీసుకోవాలి? అమెరికాలోని ర్యాండ్ పరిశోధనా సంస్థలో రాబర్ట్ లెంపర్ట్, సహచరులు 2003 నాటికి తీర్చిదిద్దిన పద్ధతికి సూటి జవాబుంది. నగర తాగునీటిని తీసుకుందాం. హైదరాబాద్‌కు కృష్ణా నీరు వంద కిలోమీటర్లు దాటి, గోదావరి నీరు అంతకన్నా దూరం నుంచి పంపుల మీద వస్తోంది. తెలియనివి ఐదు: కృష్ణాలోకి ఎగువ నుంచి వచ్చే నీరు, వాన తీవ్రత, నగర జనాభా, కరెంటు ధర, లీకేజీ. ఒక్కోదానికి మూడు స్థాయిలు పెడితే 243 భవిష్యత్తులు. నాలుగు ప్రణాళికలుంటే 972 సార్లు మోడల్‌ను నడపాలి. మామూలు ల్యాప్‌టాప్‌కు ఒక పూట పని.

ఆ తర్వాత సగటు తీయకూడదు. మూడు భవిష్యత్తులతో ఒక బొమ్మలెక్క: మొదటి ప్రణాళిక నష్టాలు 25, 40, 120. రెండోదానివి 50, 60, 80. మూడోదానివి 20, 90, 150. సగటు చూస్తే మొదటిది 61.7తో గెలుస్తుంది, రెండోది 63.3. ఇప్పుడు ప్రతి భవిష్యత్తులో అన్నిటికన్నా తక్కువ నష్టాన్ని పట్టుకుని, ఒక్కో ప్రణాళిక దానికన్నా ఎంత ఎక్కువ పోగొట్టిందో చూడాలి. దీన్ని పశ్చాత్తాపం అంటారు. మొదటి ప్రణాళికకు గరిష్ఠ పశ్చాత్తాపం 40, రెండోదానికి 30, మూడోదానికి 70. రెండోది మొదటి రెండు భవిష్యత్తుల్లో అన్నిటికన్నా మెరుగ్గా లేకపోయినా, ఏ భవిష్యత్తులోనూ కొంప ముంచదు. 972 ఫలితాల్లో అది కూడా ఓడిపోయే చోట్లను విడిగా తీసి, వాటిలో ఉమ్మడిగా ఏముందో చూడటం చివరి పని. అక్కడ దొరికేవే గమనిస్తూ ఉండాల్సిన సూచికలు. థేమ్స్ ముఖద్వారానికి 2012లో బ్రిటన్ ప్రభుత్వం ఆమోదించిన ప్రణాళిక 2100 దాకా ఇలాగే సాగుతుంది: సముద్రమట్టం ఎంత పెరిగితే ఏ పనికి మళ్లాలో ముందే దారులు రాసిపెట్టారు.

సూచికకు గీత గీసేటప్పుడు పని పూర్తవడానికి పట్టే కాలాన్ని కలపకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మళ్లీ ఆ చెరువు దగ్గరికే వెళ్తే, గుణకం ఇప్పుడు 0.5 ఉంది, ఏటా 0.01 పెరుగుతోంది. 0.64కు చేరడానికి పద్నాలుగేళ్లు. నాలా వెడల్పు చేయడానికి భూసేకరణ, కోర్టు కేసులతో పదేళ్లు పడుతుందనుకుంటే నిర్ణయానికి ఉన్నది నాలుగేళ్లు. ఈలోగా అలుగులో మూడు మీటర్లు పూడిపోయి 17 మీటర్లే మిగిలితే కీలక గీత 0.55 దగ్గరికి దిగుతుంది. అప్పుడు చేతిలో ఉన్నది ఐదేళ్ల లోపు. పదేళ్ల పనిని అప్పుడు మొదలుపెట్టినా అందదు.

అందుకని ఒక్కో చెరువుకు ఏటా మే నెలలో, తొలకరికి ముందు, నాలుగు కొలతలు రాసుకోవాలి: తెరిచి ఉన్న అలుగు పొడవు, అలుగు మట్టం నుంచి కట్టలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటుకు ఎత్తు, పరీవాహకంలో కాంక్రీటైన భాగం, దిగువ నాలాలో అన్నిటికన్నా ఇరుకైన చోట వెడల్పు. మొదటిదానికి టేపు చాలు, రెండోదానికి లెవెల్ పరికరం కావాలి, మూడోది ఉపగ్రహ చిత్రంలో దొరుకుతుంది, నాలుగోదానికి నాలా వెంట నడవాలి. కొలిచిన చోట రాయి పాతి సున్నం గుర్తు పెట్టాలి. మనిషి మారినప్పుడు చోటు కూడా మారితే పదేళ్ల వరుస తెగిపోతుంది, అలుగు కుంచించుకుపోయిందో కొలిచిన చోటు జరిగిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.